మొరం నేల మీద రైడర్

కబడ్డీ చూస్తూ కుర్చీలో కూర్చోవడం నాకు ఏనాడూ చేతకాలేదు. అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా గ్రౌండు చుట్టూ తిరుగుతూనే ఆటలు చూశాను. ప్రిన్సిపాళ్లు మారారు గానీ నా మీద జోకులు మారలేదు. ఆటగాళ్లకంటే మేడమే ఎక్కువ దూరం నడుస్తుందని పిల్లలు వెనక నవ్వుకునేవాళ్లు. అలా తిరగడంలో ఒక లాభం ఉంది, ఆట అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది. నష్టం కూడా ఉంది. కాళ్లతో పాటు మనసూ తిరగడం నేర్చుకుంటుంది, ఇంటికి వచ్చాక కూడా ఆగదు.

ఈమధ్య మీలాంటి కొత్త పీడీలు, కోచ్‌లు ఫోన్ చేసి, ఫలానా పిల్లవాడు పెద్ద లీగులో నిలబడతాడో లేదో ఒకసారి వచ్చి చూడమని అడుగుతున్నారు. ఈ చూసి చెప్పే పని గురించి నాకు తెలిసిందంతా ఒకే ఒక్క కుర్రాడి దగ్గర తెలిసింది. వాడి సంగతే రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ ఇంకా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నారు.

అది నేను రిటైరవడానికి ముందటి ఏడాది. టీవీలో వచ్చే ప్రొఫెషనల్ లీగులో ఆడే ఒక జట్టువాళ్లు మా వైపు కాలేజీల్లో కొత్త రైడర్ల కోసం వెతకడం మొదలుపెట్టారు. మా ఊళ్లలో కూతకు పోయేవాడు అంటాం, ఆ కూతగాడే రైడర్. ఒక్కడే గీత దాటి, ఊపిరి బిగబట్టి కూత పెడుతూ అవతలి ఏడుగురి మధ్యకు వెళ్లి, ఎవరినైనా తాకి ప్రాణాలతో తిరిగి రావాలి. జనం చప్పట్లు కొట్టేది అతనికే. పట్టుకునేవాళ్ల పేర్లు చాలామందికి గుర్తుండవు.

ఆ వెతికే పనికి ముగ్గురిని పెట్టారు. ఒకాయన చిలమత్తూరు వైపు మనిషి, ఒకప్పుడు ఒక ప్రభుత్వ శాఖ జట్టుకు పేరున్న రైడర్. ఆయన కుడిచేతి వేళ్లు ఆటలో విరిగి, అతుక్కుని, మళ్లీ విరిగి ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు చూసేవి. నన్ను అక్కా అని పిలిచేవాడు. రెండో అతను బెంగళూరు నుంచి వచ్చిన యువకుడు. ఆటగాళ్ల వీడియోలు లాప్‌టాప్‌లో ఆపి ఆపి చూసి లెక్కలు కట్టడం అతని ఉద్యోగం. మాట మెత్తన, తెలుగులో సగం కన్నడం కలిపి మాట్లాడేవాడు. మూడో మనిషిని నేను.

కుర్రాణ్ణి మొదట చూసింది మా కాలేజీ గ్రౌండులోనే, అంతర్ కళాశాలల పోటీల్లో. మడకశిర దగ్గర ఒక పల్లె వాడిది. ఆ వైపు చిన్న కాలేజీలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. పొడగరి కాదు, కండలున్నవాడూ కాదు. కూతకు వెళ్లి గీతకు అవతల కాసేపు ఏదో మరిచిపోయినవాడిలా నిలబడేవాడు. అవతలివాళ్లు ముందుకు జరిగేదాకా ఆగి, ఇద్దరి మధ్య సందు ఉందో లేదో మనకు కనిపించే లోపే అందులోంచి బయటపడేవాడు. నడుము పట్టుకుంటే నడుము ఉండేది కాదు. చొక్కా పట్టుకున్నవాడి చేతిలో చొక్కా పీలిక మిగిలేది. మాజీ రైడర్ కుర్చీ మీదికి ఎక్కి నిలబడ్డాడు. "దొరికినాడక్కా" అన్నాడు.  కుర్రవాడొకడు తన పాత కాళ్లతో పరుగెత్తుతున్నట్టు చూశాడాయన ఆ పూట.

నాకూ సంతోషంగానే ఉంది. కానీ కుదురుగా నిలబడలేక, అలవాటు ప్రకారం గ్రౌండు చుట్టి అవతలి వైపు, పట్టుకునేవాళ్ల వెనక్కి వెళ్లాను. అక్కడి నుంచి ఆట వేరేగా కనిపించింది. మూలలో నిలబడిన పిల్లలు వాడి కాలి మడమ కోసం వంగుతున్నారు, చెయ్యి చాపుతున్నారు, చివరి క్షణంలో వెనక్కి తీసుకుంటున్నారు. ఒక్కడూ నేల మీద పడి కాలు అందుకోవడం లేదు. ఎందుకు పడతారు? మాది మొరం గ్రౌండు, గులకరాళ్ల గరుకు మట్టి. ఏళ్ల తరబడి వానలు సరిగా లేక గడ్డి మొలవని నేల. ఒకసారి మోకాలి మీద పడితే చర్మం లేచివస్తుంది. నా మోకాళ్ల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మా పిల్లలు పడకుండా పట్టుకోవడమే ఆటనుకుని పెరుగుతారు. లీగులో ఆడేది మెత్తటి మ్యాట్ మీద. అక్కడ పట్టుకునేవాళ్లు చేపల్లా దూకి కాలు అందుకుంటారు. వీడు పక్క నుంచి తప్పుకునే పరుగంతా నిలబడి ఉన్నవాళ్లను దాటే పరుగు. కింద నుంచి వచ్చే చెయ్యి ఎలా ఉంటుందో వాడి కాళ్లకు తెలియదు.

ఆ సాయంత్రం ఈ సంగతి లాప్‌టాప్ అబ్బాయికి చెప్పాను. అతను తీసిపారేయలేదు. హోటల్లో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వీడియో మొత్తం మళ్లీ చూశాడు. ఎవరూ నేల మీద పడని మాట నిజమేనన్నాడు. కానీ మిగతా రైడర్లందరూ ఇదే మొరం మీద ఆడుతున్నారు, అయినా ఇతను వాళ్లందరికంటే చాలా ఎక్కువసార్లు తప్పించుకుంటున్నాడు, దానికేమంటారు మేడమ్ అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్న.  ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని కూడా లేచి తిరిగాను.

తర్వాతి వారం ముగ్గురం మాజీ రైడర్ కారులో, డ్రైవర్‌ను పెట్టుకుని, కుర్రాడి ఊరు వెళ్లాం. ఒప్పందం రాయించుకునే ముందు ఇల్లూ వాకిలీ, పాత దెబ్బలూ చూసి రావడం పద్ధతి. హిందూపురం దాటాక దారి పొడుగునా వాళ్లిద్దరూ కన్నడంలో మాట్లాడుకుంటూనే ఉన్నారు, నేను కిటికీ అద్దం దించుతూ ఎత్తుతూ కూర్చున్నాను. మేము వెళ్లేసరికి ఇంటి వెనక దొడ్డిలో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగిస్తున్నారు. తండ్రి మందు సీసా పట్టుకుని నిలబడ్డాడు. కుర్రాడు ఒక్కొక్క గొర్రెనూ పట్టి తెచ్చి ఆయన ముందు పెడుతున్నాడు. మమ్మల్ని చూసి సిగ్గుపడి, పని ఆపబోయాడు. తండ్రి కానిచ్చి పొమ్మన్నాడు.

అప్పుడొక పొటేలు మందలోంచి చీల్చుకుని గోడ వైపు పరుగెత్తింది. కుర్రాడు దాని వెంట పరుగెత్తలేదు. అది మలుపు తిరిగే చోటికి అడ్డంగా దూకి, పెంటికల మీద పొట్ట ఆనించి పడి, వెనక కాలు గిట్టకు పైన పట్టుకున్నాడు. లాగలేదు. అది గుంజినంత దూరం జారుతూ పోయాడు, పట్టు మాత్రం వదల్లేదు. పొటేలు తూలి కూలబడగానే దాని మీద ఉన్నాడు. ఇదంతా ఆలోచించి చేసింది కాదు. చిన్నప్పటి నుంచి చేసే పని. మళ్లీ ఇంకోటి తప్పించుకుంది, మళ్లీ అంతే.

 వీడు కూతగాడు కాదు, పట్టుకునేవాడు. మూలలో నిలబడి కాలు పట్టే మనిషి. వాడికే తెలియదు.

రాగిముద్దా పులుసూ పెట్టారు. తింటూ మాజీ రైడర్‌తో ఈ మాట అన్నాను. ఆయన నోట్లో ముద్దతోనే నవ్వాడు. "పొటేలు బోనస్ గీత తొక్కదు కదక్కా" అన్నాడు. కూతగాడు అదనపు పాయింటు కోసం తొక్కే గీత అది. లాప్‌టాప్ అబ్బాయి కూడా నవ్వాడు కానీ, నవ్వాక కాసేపు దొడ్డి వైపు చూశాడు.

చేతులు కడుక్కునేటప్పుడు తండ్రి నన్ను పక్కకు పిలిచాడు. కొడుకు కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కాడు. పరుగు, లాంగ్ జంప్ లాంటి ఈవెంట్లు దగ్గర పడుతున్నాయి. అవి వాడికి లెక్కలోవి కావు, కళ్లు మూసుకుని నెగ్గుతాడు. కానీ జట్టులో చేరితే సరిగ్గా అప్పుడే ఎక్కడో వేరే రాష్ట్రంలో శిక్షణ శిబిరంలో ఉండాలి. రెండూ కుదరవు.

"పోలీసు పరీక్ష మళ్లా ఎప్పుడు పెడతారో ఎవురికి తెలుసమ్మా. మీరు సదువుకున్నోళ్లు, ఆట తెలిసినోళ్లు. వీడు ఆడ నిలబడతాడా?"

జట్టువాళ్లు పెట్టే ట్రయల్స్ అయ్యాక చెబుతానన్నాను. ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆయన నా మొహం చూడలేదు, పైపంచెతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో వాళ్లిద్దరూ నిద్రపోయి లేచారు. నేను మాత్రం పోలీసు ఉద్యోగం ఒక చేతిలో, ఆట ఒక చేతిలో పెట్టుకుని బరువు చూస్తూనే ఉన్నాను.

ట్రయల్స్ అనంతపురంలో ఒక ఇండోర్ హాల్లో పెట్టారు, మ్యాట్ పరిచి. చుట్టుపక్కల కాలేజీల నుంచి పిల్లలు వచ్చారు. వాళ్లలో చాలామంది మ్యాట్ మీద కాలు పెట్టడం అదే మొదలు. కొత్త బూట్లు జారుతున్నాయని కొందరు, కరుస్తున్నాయని కొందరు. వాళ్లు మొరం అలవాటును హాల్లోకి కూడా తెచ్చుకున్నారు. ఒక్కడూ దూకడం లేదు. కుర్రాడు వాళ్ల మధ్య పిట్టలా ఎగిరాడు. జట్టు తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి ఫోన్‌లో వీడియో తీసుకుంటూ ఎవరికో పంపిస్తున్నాడు.

నేను హాలు గోడ వెంబడి తిరుగుతూ మావాళ్లిద్దరి దగ్గరికి వచ్చి, ఇది పరీక్ష కాదు, దూకి పట్టేవాళ్లను ఇద్దరిని తెప్పించి వాళ్ల ముందు ఆడించండి అన్నాను. అలాంటివాళ్లు ఈ జిల్లాలో ఎక్కడ దొరుకుతారక్కా అన్నాడు మాజీ రైడర్. పోనీ, కాసేపు వాణ్ణి ఎడమ మూలలో నిలబెట్టి చూడండి అన్నాను. ఆయన విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

అక్కడ నా వాదన నా మొహం మీదే కూలింది. మూలలో నిలబడమనగానే కుర్రాడి మొహం మాడిపోయింది. నడుము మీద చేతులు పెట్టుకుని, శిక్ష వేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు. మొదటి రైడర్ వాడి ముందు నుంచే తాపీగా వెళ్లిపోయాడు. రెండోవాడు వాడి భుజం తట్టి మరీ వెళ్లాడు. కుర్రాడు ఒక్కసారి కూడా వంగలేదు. హాల్లో ఎవరో ఈల వేశారు. మాజీ రైడర్ నా వైపు చూసి, ఇక చాలునా అన్నట్టు చెయ్యి తిప్పాడు.

నిర్ణయానికి కూర్చున్నప్పుడు నేను నిలబడే మాట్లాడాను. రైడర్‌గా తీసుకుంటే మొదటి సీజన్‌లోనే బెంచీ మీదికి పోతాడు, రెండు మూడుసార్లు పట్టుబడగానే వాడికి వాడి మీద ఉన్న నమ్మకం పోతుంది, అది పోతే ఇలాంటి పిల్లవాడు ఇక గ్రౌండు వైపు తిరిగి చూడడు అన్నాను. తీసుకుంటే పట్టుకునేవాడిగా తీసుకోండి, లేదంటే పోలీసు పరీక్షకు పోనివ్వండి అన్నాను. లాప్‌టాప్ అబ్బాయి తల వంచుకుని విన్నాడు.

"మేడమ్, మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది. కానీ మీ మాటకు చూపించడానికి నా దగ్గర ఒక్క వీడియో కూడా లేదు. ఉన్నవన్నీ అతను తప్పించుకున్నవే."

అతను అబద్ధం చెప్పలేదు. ఇద్దరు అవునన్నారు, నేను కాదన్నాను. పని అయిపోయింది.

బయట వేపచెట్టు కింద తండ్రీ కొడుకులు ఉన్నారు. లోపలి మాట అప్పటికే బయటికి వచ్చేసింది. మాజీ రైడర్‌కు కడుపులో మాట దాగదు. కుర్రాడు నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"మీరు నన్ను వద్దన్నారంట గదా మేడమ్."

"రైడర్‌గా వద్దన్నాను. నువ్వు పట్టుకునేవాడివి."

"మూలలో నిలబడేదానికి నేనెందుకు అంత దూరం పోవల్ల? మా ఊర్లో జనం నా పేరు పిలిచేది నేను కూతకు పోయినప్పుడే. మూలలో నిలబడినోని పేరు మీకు ఒకటన్నా తెలుసా?"

నాకు చాలా తెలుసు. కానీ ఆ నిమిషంలో ఒక్క పేరూ నోటికి రాలేదు. ఈలోపు తండ్రి వచ్చి, పాత ప్రశ్నే మళ్లీ అడిగాడు, ఈసారి నా మొహంలోకి చూస్తూ. నేను దాచలేదు. కూతగాడిగా నిలబడడు, ఈవెంట్లకు పంపండి అని చెప్పాను. ఆయన కొడుకు వైపు తిరిగాడు. "ఇన్నావా" అన్నాడు. కొడుకు విన్నాడు. విని, తండ్రి చేతిలోని సంచి తీసుకుని, బస్టాండు వైపు నడిచాడు. తండ్రి నాకు నమస్కారం పెట్టి వాడి వెనక వెళ్లాడు. వాళ్లిద్దరి మధ్య దూరం రోడ్డు మలుపు దాకా తగ్గలేదు.

వారం తిరిగేలోపు కుర్రాడు శిబిరానికి వెళ్లిపోయాడు. కానిస్టేబుల్ ఈవెంట్లు వాడు లేకుండానే జరిగాయి.

ఆ సీజన్ నేను ఎలా గడిపానో ఇంట్లోవాళ్లను అడగాలి. ప్రతి మ్యాచ్‌కూ టీవీ పెట్టడం, వాడు బెంచీ మీద కనిపిస్తే లేచి వంటింట్లోకి వెళ్లడం, మళ్లీ రావడం. నేను గెలవాలని ఉందా, వాడు గెలవాలని ఉందా అని నన్ను నేను ప్రశ్నించుకుని, టీవీ కట్టేసేదాన్ని. కొద్ది మ్యాచ్‌ల తర్వాత వాణ్ణి ఆటలోకి దించారు. అలవాటు ప్రకారం వాడు కాసేపు నిలబడ్డాడు, సందు చూసుకున్నాడు, కదిలాడు. మూలలోంచి ఒక మనిషి నేల మీద సాగి వాడి మడమ అందుకున్నాడు. తతిమ్మావాళ్లు మీద పడ్డారు. తర్వాతి కూతలోనూ అంతే. ఇంకో మ్యాచ్‌లో మళ్లీ అంతే. కింద పడి ఉన్నప్పుడు కెమెరా వాడి మొహం దగ్గరగా చూపించింది. నొప్పి కాదది. ఏం జరిగిందో అర్థం కాని మొహం.

ఆ తర్వాత దించలేదు. సీజన్ అయ్యాక వదిలేశారు. నేను అన్నది అన్నట్టే జరిగింది. ఆ సంతోషం నాకు ఒక్క పూట కూడా నిలవలేదు.

మాజీ రైడర్ ఫోన్ చేశాడు. తప్పయిందనీ అనలేదు, నువ్వు చెప్పింది నిజమనీ అనలేదు. "పిల్లోడు యాడుండాడో ఏమన్నా తెలుసునా అక్కా" అన్నాడు. గొర్రెల వెంట గుట్టల్లో తిరుగుతున్నాడని, ఎవరితోనూ మాట్లాడడం లేదని నేను విన్నాను. అదే చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. వాడు ఇక గ్రౌండు ముఖం చూడడని నేను అనుకున్నాను. ముందే చెప్పాను కదా అని కూడా అనుకున్నాను.

ఆ మాటే తప్పయింది.

నేను రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక, ఒక షెడ్డులో పాత మ్యాట్ ఒకటి సంపాదించి పరిచి, పొద్దున్నే ఆడపిల్లలకు కబడ్డీ నేర్పించేదాన్ని. శింగనమల వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలు ఎక్కువ. ఒకరోజు వాళ్లు వ్యాయామం చేస్తుండగా షెడ్డు గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. గడ్డం పెరిగింది, ఎండకు నల్లబడ్డాడు, ఒక్క క్షణం ఎవరో పోల్చుకోలేకపోయాను. వాడు మడకశిర నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు. నమస్కారం పెట్టలేదు, ఎలా ఉన్నారని అడగలేదు.

"యాడ నిలబడల్ల మేడమ్?" అన్నాడు.

ఎడమ మూల చూపించాను. చెప్పులు విప్పి వెళ్లి నిలబడ్డాడు.

నా దగ్గర ఉన్నది ఆడపిల్లలే. మొదట వాళ్లు తమలో తాము ఆడుతుంటే మూలల్లోవాళ్ల కాళ్లూ చేతులూ వాణ్ణి గమనించమన్నాను. తర్వాత ఒక్కొక్కరినీ గీత దాకా పరుగెత్తించి, చివర మడమ అందుకోమన్నాను. వాడు మూలలో పాత కోపం లేకుండా నిలబడ్డాడు, కానీ పని రాలేదు. గొర్రె వెనక్కి తిరిగి మనల్ని మోసం చేయదు. మనిషి చేస్తాడు. పిల్లలు కళ్లతో ఒక దిక్కు చూసి కాళ్లతో ఇంకో దిక్కు వెళ్లేవాళ్లు. వాడు ఖాళీ మ్యాట్ మీద పొట్ట ఆనించి పడేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. ఊళ్లో జనం నవ్వుతారని భయపడినవాడు ఇక్కడ రోజూ ఆ నవ్వుల మధ్యే పడి లేచేవాడు. ఒక పిల్ల, ఇళ్లు కట్టే బేల్దారి పనికి వెళ్లే తల్లిదండ్రుల కూతురు, ఒకరోజు ఓపిక పట్టలేక ఆగి చెప్పింది. "అన్నా, నువ్వు మొగం చూస్తాండావు. మొగం అబద్ధం చెప్తాది. కాలు చూడు."

ఆ రోజు నుంచి వాడు తల వంచుకుని ఆడడం నేర్చుకున్నాడు. ఆ వేసవి దాటింది, చినుకులు పడీ పడకుండా ఇంకో కాలం దాటింది. మాజీ రైడర్ ఒకరోజు చెప్పకుండా వచ్చి, చొక్కా విప్పి, తానే కూతకు దిగాడు. ఆ వయసులో ఆయనకు అదేం పనో. కుర్రాడు ఆయన మడమ పట్టి పడేశాడు. ఆయన మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని, రొప్పుతూ, లేవనని పిల్లలను నవ్వించాడు. లేచాక షెడ్డు వెనక్కి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. 

లాప్‌టాప్ అబ్బాయి అప్పటికి వేరే జట్టుకు మారాడు. ఒకరోజు ఫోన్ చేసి, ఆ రోజు దొడ్డిలో చూసింది తనను వదల్లేదని, ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడైనా ఆడుతున్నాడా అని అడిగాడు. వీడియో కావాలా అన్నాను. వద్దు మేడమ్, నేనే వస్తాను అన్నాడు. వచ్చి, షెడ్డులో గోడకు ఆనుకుని రోజంతా చూశాడు. ఈసారి లాప్‌టాప్ తెరవలేదు. వాళ్ల జట్టు వాణ్ణి ప్రాక్టీసులో ఆడించుకోవడానికి మాత్రం తీసుకుంది. ఒక ఏడాది అలాగే గడిచింది. తర్వాతి ఏడాది ఎడమ మూలలో ఆడేవాడికి దెబ్బ తగిలితే వీణ్ణి నిలబెట్టారు. నిలబడ్డాడు. కొన్ని సీజన్లు అక్కడే నిలబడ్డాడు. హీరో కాలేదు. టీవీవాళ్లు వాడి పేరు తప్పుగా పలికేవాళ్లు. భుజం దెబ్బతినేదాకా ఆడి, ఆటగాళ్ల కోటాలో ఒక శాఖలో ఉద్యోగం తెచ్చుకుని, ఇప్పుడు ఆ శాఖ జట్టులో పిల్లలకు పట్టు నేర్పుతున్నాడు. వాళ్ల నాయన మాత్రం పోలీసు ఉద్యోగం మాట ఇప్పటికీ ఎత్తుతాడట. ఆయన్ను నేను తప్పు పట్టను.

పోయిన వేసవిలో వాడు భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. కాఫీలయ్యాక ఆ పిల్ల లోపల మా వాళ్లతో మాటల్లో పడింది. వాడూ నేనూ వాకిట్లో ఉన్నాం. నా నోరు ఊరుకోదు కదా, ఇన్నేళ్లుగా తొలుస్తున్న మాట అడిగేశాను. ఆ రోజు హాల్లో నా మాట నెగ్గి, నిన్ను మొదటి నుంచే మూలకు తీసుకుని ఉంటే నీకు ఆ ఏళ్లు కలిసొచ్చేవి కదా అన్నాను.

 వాడు ఆలోచించి చెప్పాడు.

"లేదు మేడమ్. ఆ పొద్దు మీ మాట నెగ్గింటే నేను ఆట ఇడిచిపెట్టి గొర్లెంబడి పోయిందును. ఎవురో నా కూత గుంజుకున్నారనే అనుకుందును సచ్చేదాకా. నేనే పోయి, నేనే పడినా. పడినాకనే నాకు అది నాది కాదని తెలిసింది. మీరు చెప్పిండేది తప్పు కాదు. ఆ పొద్దు నాకు అది పనికొచ్చేది కాదు, అంతే."

 వాకిట్లో రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చాను. వాడికి నా అలవాటు తెలుసు, నేను వచ్చేదాకా ఆగాడు. అయితే మీ నాయన అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు మాటేమిటి అని అడిగాను. "అది మీరు ఆయనకు చెప్పిండేది. నాకు కాదు" అన్నాడు.

అప్పటి నుంచి నా పని నాకే కొత్తగా కనిపిస్తోంది. పిల్లవాడి కాళ్లూ చేతులూ ఏం చేయగలవో చూసి చెప్పడం కష్టం కాదు, కొన్నేళ్లు తిరిగితే మీకూ వస్తుంది. ఆ మాట వాడి చెవిన ఎప్పుడు వేయాలో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

పోయిన నెల మీలో ఒకరు ఒక అమ్మాయిని నా దగ్గరికి పంపారు. రాష్ట్ర జట్టు ఎంపికలకు రైడర్‌గా వెళ్లబోతున్న పిల్ల. రెండు పూటలు ఆడించి చూశాను. చూడగానే నాకొక అభిప్రాయం వచ్చింది, అది ఆ పిల్లకు నచ్చేది కాదు. షెడ్డు చుట్టూ చాలాసేపు తిరిగి, చివరికి ఆమెనే పిలిచి అడిగాను. నీ ఆట గురించి నాకొకటి తోస్తోంది, ఇప్పుడు చెప్పమంటావా, ఆడి వచ్చాక చెప్పమంటావా అని.

ఆ పిల్ల జడ ముడి వేసుకుంటూ ఆలోచించింది.

"ఆడొచ్చినాక చెప్పండి మేడమ్" అంది. సంచి భుజాన వేసుకుని బస్సుకు వెళ్లింది.